పార్సిల్ విప్పాక మిగిలింది ఎవరు కొంటారు?

వీధిలో "పాత పేపర్లు, అట్టలు కొంటాం" అన్న కేక వినపడగానే ఇళ్లలోంచి ఏమేం బయటికొస్తాయో గమనిస్తే ప్యాకింగ్ సంగతి సగం తెలిసిపోతుంది. అట్టపెట్టెలు వస్తాయి. ప్లాస్టిక్ డబ్బాలు వస్తాయి. లోపల బబుల్ షీటు అంటించిన కాగితపు కవర్లు రావు. పైకి మట్టిరంగు కాగితంలా కనిపిస్తూ లోపల ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు దాచుకున్న పౌచ్‌లు తెచ్చి ఇచ్చినా బండివాడు పక్కన పడేస్తాడు. రెండు పదార్థాలు విడదీయలేనంతగా అతుక్కుంటే అది కాగితం మిల్లుకూ పనికిరాదు, ప్లాస్టిక్ కరిగించేవాడికీ పనికిరాదు. 'ఎకో' అన్న పేరుతో చిన్న వ్యాపారులకు ఎక్కువ ధరకు అంటగట్టేవి తరచూ ఈ బాపతే. ప్యాకింగ్ కొనేముందు అది దేంతో తయారైందో అడుగుతాం. విప్పాక దాన్ని కొనేవాడు ఉన్నాడా అని కూడా అడగాలి.

పచ్చళ్ల పార్సిల్‌నే తీసుకుందాం, చిక్కులన్నీ అందులోనే ఉన్నాయి. గాజు సీసా అనగానే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ అరకిలో పచ్చడి పట్టే సీసా ఒక్కటే పావుకిలో దాకా తూగుతుంది. అదే కొలత పెట్ డబ్బా (నీళ్ల సీసాలు చేసే రకం ప్లాస్టిక్) 30, 40 గ్రాములు. ఆ అదనపు బరువును విజయవాడ నుంచి బెంగళూరు దాకా లారీ మోయాలి, పగలకుండా చుట్టూ మెత్తలు ఎక్కువ పెట్టాలి. పగిలిన ప్రతి సీసాకూ పచ్చడి, పెట్టె, ప్రయాణం అన్నీ రెండోసారి. ఖాళీ సీసాను వెనక్కి తీసుకుని కడిగి నింపగలిగితే గాజే గెలుస్తుంది. అది ఊళ్లోనే సొంతంగా డెలివరీ ఇచ్చేవాళ్లకు కుదిరే పని. కొరియర్‌కు రంగులేని పెట్ డబ్బాయే మేలు. దానికి ఒంటినిండా పీవీసీ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని పట్టేసే మరో రకం ప్లాస్టిక్ తొడుగు) మాత్రం తొడగొద్దు. రీసైక్లింగ్‌లో ప్లాస్టిక్కులను నీళ్లలో వేసి వేరుచేసేటప్పుడు పెట్, పీవీసీ రెండూ మునుగుతాయి. పీవీసీ ఏ కొంచెం కలిసినా కరిగించిన పెట్ పాడవుతుంది. చిన్న కాగితపు లేబుల్ చాలు.

అసలు శత్రువు నూనె. నూనె పీల్చిన అట్టను మిల్లు తీసుకోదు. అంటే పర్యావరణం పేరిట పడ్డ శ్రమంతా ఒక్క మూత దగ్గర కారిపోతుందన్నమాట. కారడానికి కారణాలు ఎప్పుడూ ఉండేవే. డబ్బాను అంచు దాకా నింపితే, ఎండలో నిలిచిన వ్యాన్‌లో నూనె వ్యాకోచించి దారి వెతుక్కుంటుంది. పైన కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ వదలాలి. మూతి మీద నూనె చుక్క ఉండగా ఇండక్షన్ సీలు (మూత కింద వేడితో అతికించే రేకు) వేస్తే రేకు అక్కడ అతకదు. పైగా ఆ రేకు అడుగుపొర డబ్బా ప్లాస్టిక్కుకు సరిపడేది కావాలి. పీపీ (పాలీప్రొపిలీన్ అనే మరో ప్లాస్టిక్) డబ్బాలకు తెచ్చిన సీళ్లను పెట్ డబ్బాలకు వేస్తే అంటినట్టే ఉండి ఊడొస్తాయి. మూతి పొడి గుడ్డతో తుడిచి, సీలు వేసి, మూత బిగించి, రాత్రంతా పేపరు మీద తలకిందులుగా నిలబెట్టండి. పొద్దున పేపరు మీద జిడ్డు మరక కనిపిస్తే ఆ డబ్బా గడప దాటకూడదు. ఇంత చేశాక కూడా ఒక్కో డబ్బాకు పల్చటి పాలిథిన్ సంచి తొడగడం మంచిదే. 'ప్లాస్టిక్ రహితం' అని చెప్పుకోవడానికి ఆ రెండు మూడు గ్రాములు మానేసి, వంద గ్రాముల పెట్టెను నూనెపాలు చేయడం ఏం లెక్క?

ఇక పెట్టె. ఇక్కడ అందరూ పోగొట్టుకునేది గాలి మోయడంలో. చాలా కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ అంకె, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. రెండు అరకిలో డబ్బాలు చేతికందిన 30×20×20 పెట్టెలో పెడితే లెక్క 2.4 కిలోలు. అవే డబ్బాలు చుట్టూ సెంటీమీటరున్నర మెత్త పెట్టినా 20×12×13 పెట్టెలో పడతాయి. అప్పుడు ఆ లెక్క 0.62 మాత్రమే, కాబట్టి అసలు బరువు కిలోంపావుకే కడతారు. పెద్ద పెట్టెకు అట్ట ఎక్కువ, మెత్త ఎక్కువ, లారీలో చోటు ఎక్కువ. మూడు కొలతల పెట్టెలు చేయించి పెట్టుకుంటే ఏ కొత్త పదార్థం కొన్నా రానంత లాభం ఇక్కడే వస్తుంది.

అట్ట కొనేటప్పుడు 'త్రీ ప్లై, 120 జీఎస్‌ఎం' (మూడు పొరలు, చదరపు మీటరు కాగితం 120 గ్రాములు) అంటే సరిపోదు, బీఎఫ్, అంటే చిరగకుండా తట్టుకునే బలాన్ని చెప్పే బర్స్ట్ ఫ్యాక్టర్, ఎంతో అడగాలి. జీఎస్‌ఎంను బీఎఫ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే ఆ కాగితం ఎంత ఒత్తిడికి చిరుగుతుందో తెలుస్తుంది. మూడు పొరలూ 120 జీఎస్‌ఎం, 18 బీఎఫ్ అనుకుంటే పై, లోపలి పొరలకు చెరో 2.16, మధ్యలోని మడతల కాగితానికి సగమే లెక్క కాబట్టి 1.08, మొత్తం చదరపు సెంటీమీటరుకు 5.4 కిలోలు. కిలోంపావు పార్సిల్‌కు ఇది చాలు, ఫైవ్ ప్లై దండగ. పూర్తిగా పాత అట్టతో చేసిన కాగితంలో పీచు పొట్టిగా ఉంటుంది, తేమకు త్వరగా మెత్తబడుతుంది. కోస్తాలో వానాకాలం గాలికి పెట్టె బలం సగం దాకా పడిపోవచ్చు. ఆ నాలుగు నెలలు పై పొర మాత్రం కాస్త మందం పెంచుకోవాలి. కొత్త పెట్టెను నమ్మేముందు నడుమెత్తు నుంచి, అంటే దాదాపు 76 సెంటీమీటర్ల నుంచి, పదిసార్లు పడేసి చూడండి: ఒక మూల, ఆ మూలలో కలిసే మూడు అంచులు, ఆరు ముఖాలు. మూలతోనే మొదలుపెట్టాలి.

టేపు చిన్న విషయమే, కానీ బ్రౌన్ టేపును పెట్టె చుట్టూ నాలుగు వరసలు తిప్పే అలవాటు పోవాలి. తడిపి అంటించే గమ్ పేపర్ టేపు అట్ట పీచులోకి పట్టేస్తుంది, పెట్టెతోపాటే గుజ్జవుతుంది.  లోపల పీచుదారాలున్న రకం వద్దు. మెత్తలకు పాడైన పెట్టెలను జాలీలా కోసి వాడటం అన్నిటికన్నా చవక. పచ్చడి, పొడులు, స్వీట్లను నేరుగా న్యూస్‌పేపర్‌లో చుట్టడాన్ని ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే నిషేధించింది.

'మట్టిలో కలిసిపోయే' కవర్ల మాటకొస్తే, మొక్కజొన్న పిండితో చేసిన కంపోస్టబుల్ సంచి కలవాలంటే దాదాపు 58 డిగ్రీల వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. పెరట్లో కుండీలో ఆ వేడి రాదు. మామూలు పాలిథిన్‌తో కలిసి తుక్కులోకి పోతే దాన్నీ చెడగొడుతుంది. అమ్మేవాడి దగ్గర ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ లేకపోతే బేరమే అనవసరం.

చీరలకు లెక్క మారుతుంది. పగిలేది లేదు, కాబట్టి పెట్టె అక్కర్లేదు. వానలో కాగితపు కవరు మూలల్లో చిరుగుతుంది. రీసైకిల్ చేసిన పాలిథిన్ కొరియర్ కవరు ఒక్కటే పొరగా వాడటం తప్పేమీ కాదు. దానికి బదులు నూలు సంచి ఇస్తున్నామని మురిసిపోయేవాళ్లు డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 లెక్క చూడాలి. వాతావరణం మీద ప్రభావం ఒక్కదాన్నే చూసినా, పల్చటి పాలిథిన్ సంచితో సరితూగడానికి ఆర్గానిక్ నూలు సంచిని 149 సార్లు వాడాలట. చెత్తగా మారి కాలవలో పడటాన్ని ఆ లెక్కలో కలపలేదు, నిజమే. అయినా చీరతో వచ్చిన సంచిని 149 సార్లు ఎవరు మోస్తారు?

పెట్టె మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి 'ఎకో ఫ్రెండ్లీ' అని ఊరుకునే రోజులు పోయాయి. గ్రీన్‌వాషింగ్‌పై 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటి మాటకు ఆధారం చూపాలి. ఉన్నదున్నట్టు రాయడం తేలిక: పెట్టె పాత అట్టతో చేసింది, టేపు కాగితమే కాబట్టి పీకక్కర్లేదు, డబ్బా కడిగి తుక్కుకు వేయండి. అడ్రసు స్టిక్కరు చింపేయమని కూడా ఒక ముక్క చేర్చండి. దాని అడుగున ఉండే జిగురు మిల్లుకు ఇబ్బంది, కొన్నవాళ్ల ఫోన్ నంబరు తుక్కు బండి ఎక్కడం వాళ్లకు ఇబ్బంది.