కోడ్ పడకపోతే జబ్బు లేనట్టేనా?

"అమెరికాలో డిశ్చార్జి అయ్యే ప్రతి పేషెంటుకూ డయాగ్నసిస్ కోడ్ పడుతుంది. హార్ట్ ఫెయిల్యూర్‌కు, అంటే గుండె రక్తాన్ని సరిగ్గా పంప్ చేయలేకపోవడానికి, కోడ్ ఐ50. ఆ ఐ50లు లెక్కపెడితే జబ్బు ఎంతమందికి ఉందో, పెరుగుతోందో తగ్గుతోందో తెలిసిపోతుంది. లక్షల రికార్డుల్లో చిన్నాచితకా తప్పులు సర్దుకుపోతాయి." హెల్త్ డేటా కబుర్లలో బాగా తిరుగుతున్న మాట ఇది.

కోడ్ ఉంటే జబ్బు ఉన్నట్టే అన్నంతవరకు పేచీ లేదు. పేషెంట్ల చార్టులు (వైద్య రికార్డులు) తీసి సరిచూసిన అధ్యయనాల్లో ఎక్కువవాటిలో, కోడ్ పడినవాళ్లలో నూటికి 87 మందికో ఇంకా ఎక్కువమందికో జబ్బు నిజంగానే ఉంది.

కోడ్ లేకపోతే జబ్బు లేదనడం మాత్రం తప్పు. అలాంటి అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్షలో, జబ్బున్న నూరుమందిలో కోడ్ పడింది సుమారు 75 మందికే. మిగతావాళ్లు ఎలా జారిపోతారో హైదరాబాద్‌లో అమెరికా చార్టులు చదివి కోడ్‌లు వేసే మెడికల్ కోడర్లకు బాగా తెలుసు. ఉదాహరణకు ఒక పేషెంటు: ఎకో (గుండె స్కాన్)లో ఈజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె పంపింగ్ కొలత, 25 శాతమే; గుండె మీద ఒత్తిడిని చూపే రక్తపరీక్ష బీఎన్‌పీ చాలా ఎక్కువ; ఒంట్లో నీరు తీసే లాసిక్స్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. డాక్టరు మాత్రం 'ఫ్లూయిడ్ ఓవర్‌లోడ్' (ఒంట్లో నీరు ఎక్కువైంది) అని రాసి ఊరుకున్నారు. కోడర్‌కు సంగతి అర్థమైనా ఐ50 వేయడానికి లేదు; రిపోర్టులు చూసి జబ్బు పేరు పెట్టే అధికారం కోడర్‌కు లేదు. జబ్బేమిటో రాయమని డాక్టరుకు క్వెరీ (ప్రశ్న) పంపాలి. జవాబు రాకపోతే ఆ పేషెంటు లెక్కలోకే రాడు.

ఇక తప్పులు సర్దుకుపోవడం. అటూ ఇటూ సమానంగా పడితే సర్దుకుంటాయి. ఇక్కడ డబ్బు ఒకవైపే లాగుతుంది. 2007 అక్టోబర్‌లో, అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ తెచ్చిన కొత్త డీఆర్‌జీల్లో (కేసుల్ని గ్రూపులు చేసి ఆసుపత్రికి చెల్లించే పద్ధతి), తోడు జబ్బుగా 'అక్యూట్ సిస్టాలిక్' హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిగ్గా ముడుచుకోక, హఠాత్తుగా ముదిరిన రకం) అని రాస్తే చెల్లింపు పెరగొచ్చు, ఉత్త 'కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్' అంటే పెరగదు. ఆ వివరం రాయమని డాక్టర్ల వెంటపడటం ఆసుపత్రులకు మామూలైపోయింది. మరి గ్రాఫులో 'అక్యూట్' కేసులు పెరిగితే, పెరిగింది జబ్బేనని ఎలా అంటాం?

అసలు చిక్కు ట్రెండ్‌తోనే. 2015 అక్టోబర్ 1న అమెరికా ఆసుపత్రులు ఈ ఐ50 లాంటి కోడ్‌లుండే ఐసీడీ-10 జాబితాకి మారాయి. సరిగ్గా ఏడాదికి ఇంకో రూలు వచ్చింది: బీపీ, హార్ట్ ఫెయిల్యూర్ రెండూ ఉంటే, సంబంధం లేదని డాక్టరు రాస్తే తప్ప, బీపీ వల్లే అనుకుని ముందు ఐ11.0 (బీపీ వల్ల గుండెజబ్బు, హార్ట్ ఫెయిల్యూర్‌తో) వేయాలి, ఐ50 దాని వెనక. కిడ్నీ జబ్బు కూడా ఉంటే ఐ13. హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో బీపీ లేనివాళ్లెందరు? ప్రధాన డయాగ్నసిస్‌లో (మొదట వేసే కోడ్‌లో) ఐ50 ఒక్కటే వెతికేవాళ్లకు జబ్బు హఠాత్తుగా తగ్గినట్టు కనిపించక ఏం చేస్తుంది! ఐ11.0, ఐ13లో హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న ఐ13.0, ఐ13.2 కూడా కలిపి గీసిన గ్రాఫు తెస్తే, తగ్గిందో లేదో అప్పుడు మాట్లాడుకోవచ్చు.