సవరణ: ఓజీ ఆస్‌బోర్న్ అంతిమయాత్ర ఖర్చు ఎవరిది?

బ్రిటిష్ రాక్ బృందం బ్లాక్ సబాత్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ గురించి రాసిన నా పోస్టులో, 2025 జూలై 30న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జరిగినవి "నగరపాలక సంస్థ ప్రజల డబ్బుతో చేసిన అంత్యక్రియలు" అన్నాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను.

ఆ రోజు జరిగింది అంతిమయాత్ర మాత్రమే. ఏర్పాట్లకు సంస్థ సహకరించింది కానీ ఖర్చంతా కుటుంబమే పెట్టుకుంది. యాత్రకు ముందు సంస్థ ఇచ్చిన ప్రకటనలోనే ఈ మాట ఉంది. అంత్యక్రియలు ఆ తర్వాత బకింగ్‌హామ్‌షైర్‌లోని వాళ్ల ఇంటి ఆవరణలో, దగ్గరివాళ్ల మధ్య జరిగాయని బ్రిటిష్ పత్రికలు రాశాయి.

అభిమానుల గురించి రాసిందాంట్లో మార్పేమీ లేదు. బ్రాడ్ స్ట్రీట్‌లో వేలమంది నిలబడ్డారు. బ్లాక్ సబాత్ పేరు పెట్టిన వంతెన దగ్గర వాహనం ఆగింది. భార్య షారన్, పిల్లలు దిగి, అక్కడ పేరుకుపోయిన పూలనూ చీటీలనూ చూశారు. బ్రాస్ బ్యాండు ఆయన పాటలే వాయించింది. ఆయన పెరిగిన ఆస్టన్ కూడా ఈ ఊళ్లోదే. ఆ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో జూలై 5న, పార్కిన్సన్స్ వ్యాధితో లేచి నిలబడలేక సింహాసనంలో కూర్చునే చివరిసారి పాడాడు. సరిగ్గా 17 రోజులకు, 76 ఏళ్ల వయసులో వెళ్లిపోయాడు. ఆ కచేరీ చూసినవాళ్లకు ఇది ఎంత పెద్ద దెబ్బో నాకు తెలుసు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. దాన్ని పంచుకున్నవాళ్లు దీన్ని కూడా పంచుకోండి.