బాతులకున్న భాగ్యం

దేశంలో మనుషుల్ని చివరిసారి లెక్కపెట్టింది 2011లో. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా మీద వాయిదా పడి 2027కి చేరింది. బాతులకు, కొంగలకు, ఉల్లంకులకు ఆ అవస్థ లేదు. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో, సంక్రాంతికి అటూ ఇటూగా, చడీచప్పుడు లేకుండా జరిగిపోతోంది. చేసేది ఎక్కువగా వాలంటీర్లే. కంగారు పడకండి, ఆ వాలంటీర్లు కాదు. వీళ్ళకు గౌరవ వేతనం లేదు, యాభై ఇళ్ళ క్లస్టరూ లేదు.

వీళ్ళ పద్ధతి చూస్తే మన యంత్రాంగానికి నామోషీ. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల దగ్గర, ఆటు వేళ బురదనేల చాలా దూరం బయటపడుతుంది. పక్షులు దాని మీద చెల్లాచెదురుగా మేస్తుంటాయి. అప్పుడు లెక్క తేలదు. పోటెక్కాక మిగిలిన కాస్త ఇసుక మీదికి అన్నీ వచ్చి చేరతాయి. ఒక మూల పదింటినో వందనో లెక్కపెట్టి, గుంపు మొత్తంలో అలాంటి ముక్కలెన్ని ఉంటాయో చూసి అంకె వేస్తారు. తుఫాను తర్వాత పంట నష్టం రాసేదీ ఇంచుమించు ఇలాగే, కాకపోతే అక్కడ జీపు దిగరు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఏ పక్షీ కనబడకపోతే వీళ్ళు ఫారంలో సున్నా రాస్తారు. గుర్తుపట్టలేకపోతే 'ఏదో బాతు' అని ఒప్పేసుకుంటారు. ఇంత నిజాయితీ ఉన్న రికార్డును ఏ ఆడిట్ ఒప్పుకుంటుంది?

ఇక స్థానికత సంగతి. తల మీద రెండు నల్ల పట్టీలుండే పెద్దబాతు మంగోలియా, టిబెట్ల వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. గ్రేట్ నాట్ అనే పిట్ట పుట్టింది సైబీరియాలో. ఇలాంటివన్నీ చలికాలమంతా మన గడ్డీ గుల్లలూ తిని, ఎండలు ముదిరేలోపు ఎగిరిపోతాయి. మన పిల్లలు వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివితే గానీ లోకల్ కారు. వీటిని మాత్రం ఒక్క సర్టిఫికెట్ అడక్కుండా మన జాబితాలో ఎక్కిస్తున్నారు. ఎమ్మార్వో ఆఫీసు ఏం చేస్తున్నట్టు?

ఇంతకీ ఈ లెక్క ఎందుకంటే, అంకెకో హోదా ఉంది. చిత్తడి నేలల్ని కాపాడేందుకు దేశాలు కుదుర్చుకున్న రాంసర్ ఒప్పందం ప్రకారం 20,000 నీటిపక్షులు క్రమం తప్పకుండా చేరే చోటు, లేదా ఒక రకం పక్షుల్లో నూటికి ఒక వంతు చేరే చోటు అంతర్జాతీయ గుర్తింపుకు అర్హమవుతుంది. కొల్లేటికి ఆ గుర్తింపు 2002లో వచ్చింది. తలలెక్కువుంటే హోదా, తగ్గితే అనుమానం. నియోజకవర్గాల పునర్విభజన టెన్షన్‌లో ఉన్న దక్షిణాది వాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. జనాభాను బుద్ధిగా అదుపు చేసుకున్న పాపానికి సీట్లు పోతాయేమోనని, ఇప్పుడు పెద్దలే మళ్ళీ పిల్లల్ని కనమంటున్నారు. గూడబాతులు ముందే మేల్కొంటే మంచిది. లెక్క 19,999 దగ్గర ఆగిపోయిన చెరువు గతేమిటో ఊహించండి. ఆ మిగిలిన ఒక్కటీ చేప కోసం పక్క ఊరెళ్ళి ఉంటుంది.

హోదా వచ్చాక ఏం ఒరిగిందని మాత్రం అడక్కూడదు. కొల్లేరులో అక్రమ చేపల చెరువుల గట్లను 2006లో పగలగొట్టారు. 2008లో అభయారణ్యాన్ని ఐదో కాంటూరు (అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన హద్దు) నుంచి మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. పక్షుల సంఖ్య ఏటా తాజాగా కావాలి. వాటి నీళ్ళ హద్దు ఎక్కడన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఈ విషయమై పక్షుల నుంచి అభ్యంతరాలేవీ అందలేదు. అందినా సంతకాలుండవు కాబట్టి చెల్లవు. మరీ అంత పట్టింపు ఉంటే వచ్చే జనవరి ఫారంలో ఇంకో కాలమ్ చేర్చండి: పక్షి వాలింది ఐదో కాంటూరు మీదా, మూడో కాంటూరు మీదా?