కాన్రాడ్ షాట్ లక్కే, అయితే ఏంటి?

డిస్క్ గోల్ఫ్ ఆటగాడు జేమ్స్ కాన్రాడ్ 2021లో వేసిన షాట్ వీడియో మళ్ళీ తిరుగుతోంది, కింద కామెంట్లలో మళ్ళీ అదే గొడవ. సగం మంది "పక్కా లక్కు, ఇంకోసారి వెయ్యమను చూద్దాం" అంటారు. మిగతా సగం "అది స్కిల్, నీకు ఆట తెలీదు" అని మీద పడతారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది, అందుకే ఈ పోస్ట్. కాస్త పొడుగే, ఓపిక ఉంటే చదవండి.

డిస్క్ గోల్ఫ్ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. గోల్ఫ్ లాంటిదే, కాకపోతే బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, గుంతకి బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. ఒక్కో విసురు ఒక స్ట్రోక్, తక్కువ స్ట్రోక్‌లతో ముగించినవాడే గెలుస్తాడు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్, ఆఖరి రౌండ్, ఆఖరి హోల్. పాల్ మెక్‌బెత్ ఒక్క స్ట్రోక్ ముందున్నాడు. మామూలు మనిషి కాదు, అప్పటికే ఐదు వరల్డ్ టైటిళ్లు, ఆ ఏడాదే డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీతో పదేళ్లకి కోటి డాలర్ల కాంట్రాక్ట్. కాన్రాడ్ నిలబడ్డ చోటు నుంచి బుట్ట 247 అడుగులు. అక్కణ్ణుంచి నేరుగా బుట్టలో పడితేనే ఆశ. పడింది! స్కోరు సమం, విజేతని తేల్చడానికి ప్లేఆఫ్, అందులో మొదటి హోల్‌కే టైటిల్ కాన్రాడ్‌ది.

లక్కేనా? లక్కే. ఒప్పుకోడానికి అంత సిగ్గెందుకో నాకర్థం కాదు. అంత దూరం నుంచి డిస్కుని బుట్ట దగ్గర్లో దించడం ఏళ్ల తరబడి చేసిన సాధన. దగ్గర్లో కాకుండా సరిగ్గా గొలుసుల మీదే పడి, పడ్డాక బయటికి జారకుండా అందులోనే ఆగడం మాత్రం ఎంత గొప్ప ఆటగాడైనా చెప్పి చేయలేడు. అలాగని కాన్రాడ్ గాలివాటంగా వచ్చినవాడేం కాదు, 2019లో యూఎస్ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడే. ఐదు రౌండ్లు ఆడాక మెక్‌బెత్ లాంటివాడికి ఒక్క స్ట్రోక్ దూరంలో ఉండటం లక్కుతో అయ్యే పని కాదు. ఆ స్థితిలో లేకపోతే ఆ షాట్ పడినా ఎవడికీ గుర్తుండేది కాదు.

అసలు ఆ గొలుసుల సంగతే వేరు. చక్కగా మధ్యలోకి వేసిన పట్ (బుట్ట దగ్గర్నుంచి వేసే విసురు) కూడా ఒక్కోసారి గొలుసుల్లోకి దూరి, అటువైపు నుంచి బయటికొచ్చి కింద పడుతుంది. కింద పడిందంటే లెక్కలోకి రాదు, అంతే. క్రికెట్‌లో బంతి స్టంప్‌కి తగిలి, బెయిల్ వెలిగి, మళ్ళీ అక్కడే కూర్చుంటే బౌలర్ మొహం ఎలా ఉంటుందో చూశాం కదా, అదే మొహం. డిస్కు బుట్ట పైకప్పు మీద కూర్చున్నా లెక్కలోకి రాదు. ఇందులో స్కిల్ ఎంతో ఎవరైనా కొలిచి చెప్పండి.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, లక్కు లెక్కల్లో మనం చేసే మోసం దగ్గర. అడవి కోర్సుల్లో డిస్కు చెట్టుకి కొట్టుకుని పొదల్లోకి పోతే "బ్యాడ్ కిక్, పాపం" అంటాం, కామెంటేటర్లూ అంటారు, ఆటగాడు ఇంటర్వ్యూలో తప్పకుండా అంటాడు. అదే డిస్కు, అంతే చెత్తగా వేసింది, చెట్టుకి కొట్టుకుని ఫెయిర్‌వే (బుట్ట దాకా ఉండే ఖాళీ దారి) మధ్యలోకొచ్చి పడితే? కాసేపు నవ్వుకుని తర్వాతి షాట్‌కి వెళ్ళిపోతాం. సాయంత్రం ఇంటర్వ్యూలో దాని ఊసే ఉండదు. కలిసిరానివన్నీ ఖాతాలో రాసుకుని, కలిసొచ్చినవన్నీ "నా ఆట" అనుకుంటే లెక్క ఎలా తేలుతుంది?

అమెరికాలో రాక్ హిల్ అనే ఊళ్లో విన్‌త్రాప్ కోర్స్ ఉంది, యూఎస్ ఛాంపియన్‌షిప్ జరిగేది. అక్కడ గడ్డి మీద తాళ్లు కట్టి, అవతలంతా అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే హద్దు బయట, అంటారు. డిస్కు కాస్త అంచు లోపలికి ఉన్నా సేఫ్. మొత్తం బయట ఉంటే ఒక స్ట్రోక్ పెనాల్టీ. రెండిటికీ మధ్య తేడా ఒక్కోసారి గోరంత. డిస్కు నేల మీద పడ్డాక అంచు మీద దొర్లడం మొదలెడితే ఎక్కడ ఆగుతుందో వేసినవాడికీ తెలీదు.

ఇక్కడ కొందరు కెన్ క్లైమో పేరు తీస్తారు. 12 వరల్డ్ టైటిళ్లు, అందులో 1990 నుంచి 1998 దాకా వరసగా తొమ్మిది. లక్కే అయితే ఒకే మనిషి అన్నిసార్లు ఎలా గెలుస్తాడు అని. న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పట్లో అతన్ని ఒత్తిడిలో పెట్టగలిగేవాళ్లు ఎందరు? మిగతావాళ్ల కంటే అంత ముందుంటే, రెండు చెట్లు అడ్డొచ్చినా, నాలుగు పట్‌లు బయటికి జారినా గెలుస్తావు. ఇప్పుడు అలా కాదు. వారం మొదట్లో ఎవడు గెలుస్తాడో చెప్పలేనంత మంది ఉన్నారు, అందరూ ఇంచుమించు ఒకే స్థాయి. 2021లో ప్లేఆఫ్. 2022లో ఎంపోరియాలో మెక్‌బెత్, ఆరన్ గాసేజ్ మధ్య మళ్ళీ ప్లేఆఫ్, ఈసారి మెక్‌బెత్ గెలిచాడు. అందరి స్కిల్ పెరిగి దగ్గరైనకొద్దీ, మిగిలిన ఆ చిన్న తేడాని తేల్చేది గాలి, చెట్టు, గొలుసు. ఆటలో లక్కు వాటా పెరిగిందంటే ఆటగాళ్లు దిగజారారని కాదు, బాగుపడ్డారని.

అందుకే నా గొడవ కాన్రాడ్‌తో కాదు, ప్లేఆఫ్ పద్ధతితో. ఐదు రౌండ్లు ఆడించి, ఇద్దరూ సమానమని తేలాక, సడెన్ డెత్ పెట్టి ఒక్క హోల్‌తో వరల్డ్ ఛాంపియన్‌ని తేల్చేస్తారా? బంతి గోల్ఫ్‌లో బ్రిటిష్ ఓపెన్‌కి మూడు హోల్స్ ఆడించి మొత్తం స్కోరు చూస్తారు. అదీ గొప్ప న్యాయమేం కాదు, కానీ ఒక చెడ్డ గాలికి టైటిల్ పోకుండా కాస్త ఊపిరి ఉంటుంది. "సడెన్ డెత్ అయితేనే టెన్షన్, చూడటానికి మజా" అని నిన్న ఒకాయన నాతో వాదించాడు. మజా మనకి బాబూ, ఓడినవాడికి కాదు. సాధారణ టోర్నమెంట్లకి ఏదైనా పెట్టుకోండి, వరల్డ్స్‌కి మాత్రం కనీసం మూడు హోల్స్ పెట్టండి.