మామిడి రైతుకు చంపారణ్ దారి

తోతాపురి మామిడి రైతు గోడు చిత్తూరు జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 సీజన్‌లో కిలోకు 12 రూపాయలన్నారు. అందులో గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4. ఆ 8 రూపాయలు పూర్తిగా దక్కలేదని రైతులు రోడ్డెక్కారు, కాయలు పారబోశారు. నాయకులు వచ్చారు, వెళ్లారు.

ఇలాంటప్పుడు గాంధీ పేరెత్తితే కొందరికి ఒళ్లు మండుతుంది. కోసిన కాయ ఆగదు, ఇంకా ఓర్చుకోమంటారా అని అడుగుతారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ గాంధీ అంటే ఓర్పు ఒక్కటే అనుకుంటే ఆయన్ని సగం కూడా చదవనట్టే.

1917 ఏప్రిల్‌లో ఆయన బీహార్‌లోని చంపారణ్ వెళ్లేసరికి అక్కడి రైతు తన నేలలో ప్రతి ఇరవై కఠాలకు (కఠా అంటే అక్కడి నేల కొలత) మూడు కఠాలు తెల్లదొరల నీలిమందు సాగుకే వదలాలి. తీన్‌కఠియా అనేవారు. గాంధీ అక్కడ సభలతో హోరెత్తించలేదు. రైతుల వాంగ్మూలాలు రాయించారు. రాజేంద్రప్రసాద్ లాంటి వకీళ్లు ప్రతి రైతునూ గుచ్చిగుచ్చి అడిగి, నిలబడని మాటను పక్కన పెట్టేశారు. సీఐడీ మనిషి వచ్చి కూర్చున్నా వద్దనలేదు. జిల్లా విడిచి పొమ్మన్న ఉత్తర్వును మాత్రం పాటించలేదు, ఆ సంగతి కోర్టులోనే ఒప్పుకున్నారు. చివరికి ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది. విచారణ కమిటీ పడింది. అక్రమంగా గుంజినదాంట్లో పావు వంతు రైతులకు తిరిగొచ్చింది. 1918లో చట్టం వచ్చి తీన్‌కఠియా పోయింది.

అవతలివాడు కొట్టిపారేయలేనంత నిజాన్ని పోగుచేయడమే అహింసలోని అసలు బలమని నా నమ్మకం. రాయి విసిరితే కేసు మన మీదికే తిరుగుతుంది. లెక్క ముందు పెడితే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు.

సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్ల వరుస చూడండి. ట్రాలీ అడుగున కాయ మెత్తబడి రసం కారుతుంటుంది. చొక్కా జేబులో టోకెన్ చీటీ చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోతుంటాయి. తూకం ఎంత వచ్చింది, ఏ ధర కట్టారు, డబ్బు ఎప్పుడు పడింది అన్న లెక్క ఏ రైతుది ఆ రైతు దగ్గరే ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. సోమవారం ఒక్కడే కలెక్టరేట్‌కు వెళ్లి అర్జీ ఇచ్చి ఒక్కడే తిరిగొస్తాడు.

నా బాధ రైతుల మీద కాదు, చదువుకున్నవాళ్ల మీద. చంపారణ్‌లో గాంధీ ఆ వకీళ్లను అడిగింది గుమాస్తా పని. పెద్ద ప్రాక్టీసులు పక్కన పెట్టి వాళ్లు ఆ పని చేశారు. ఇవాళ తిరుపతి నిండా యూనివర్సిటీలే. వ్యవసాయ కళాశాల కూడా అక్కడే ఉంది. మామిడి తోటల డబ్బుతో చదివిన పిల్లలు వాటిలో ఎంతమంది! గ్రూప్స్ కోసం చంపారణ్ 1917 అని బట్టీపట్టే కుర్రాడు తన ఊరి తూకం చీటీలను ఫోన్‌లో ఫొటో తీసి ఒక పట్టికలో ఎక్కించలేడా? పల్లెకు చదువు తిరిగి రాకపోవడమే ఈ జిల్లాకు పట్టిన పెద్ద కరువు. ధర పడిపోవడం దాని తర్వాతే.

వచ్చే కోతలు మొదలయ్యేలోపు బంగారుపాళ్యం, పూతలపట్టు, ఐరాల, గుడిపాల, ఇలా మండలానికో రిజిస్టర్ తెరవాలి. రైతు, టన్నులు, ఫ్యాక్టరీ, కట్టిన ధర, డబ్బు పడిన తేదీ అందులో ఉండాలి. అనుమానం ఉన్న పద్దును మనమే కొట్టేయాలి. ఫ్యాక్టరీ యజమాని చూస్తానంటే కూర్చోబెట్టి చూపించాలి. ఆ రిజిస్టర్‌తో మండలం మొత్తం ఒకే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లాలి. ప్రతి పద్దుకూ రాతపూర్వకంగా జవాబు ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలకూడదు.