సోంగ్‌క్రాన్‌కి టికెట్లు తీసుకున్నవాళ్ళకి, ఒక గిన్నెడు నీళ్ళ సంగతి

మార్చి వచ్చిందంటే చాలు, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతుంది. నీళ్ళ తుపాకీ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ నురగ, కింద పెద్దక్షరాల్లో "పట్టాయా, మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు, వాటర్ పార్టీ". ఏప్రిల్‌లో వచ్చే థాయ్‌లాండ్ వాళ్ళ కొత్త సంవత్సరం పండగ, సోంగ్‌క్రాన్‌కి ప్యాకేజీ అది. ఏటా చూసి ఊరుకునేదాన్ని. ఈసారి మా చిన్నాన్న కొడుకే దాన్ని నాకు పంపి, "అక్కా, నువ్వు అక్కడ ఉన్నావు కదా, ఎలా ఉంటుంది?" అని అడిగాడు. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పినదే ఇక్కడ రాస్తున్నా. వెళ్ళేవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

నేను ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో నాలుగేళ్ళు ఉన్నాను. మొదటి ఏడు నాకూ అది పోస్టర్‌లోని పండగే. ఏప్రిల్ 13 పొద్దున్నే కొత్త బకెట్ పట్టుకుని బయల్దేరుతుంటే, కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరమ్మ చేయి పట్టుకుని ఆపింది. డెబ్బై దాటిన మనిషి. ఆవిడని వీధిలో అందరూ "మే ఉయ్" అంటారు. ఉత్తర థాయ్‌లాండ్ వాళ్ళ మాటలో అమ్మమ్మ, నాయనమ్మ అన్నమాట. లోపల చాప మీద ఒక వెండి గిన్నె, అందులో నీళ్ళు, పైన మల్లెలు తేలుతున్నాయి. అడుగున ఏవో ఎండు కాయలు నానుతున్నాయి. వంగి వాసన చూశాను. శీకాయ! మా అమ్మమ్మగారింట్లో ఆదివారం తలంటు వాసన. కాయల్ని నిప్పుల మీద కాస్త కాల్చి నానబెడతారట, అందుకని ఆ వాసనలో కొంచెం పొగ కూడా కలిసింది. వాళ్ళు దాన్ని సోమ్ పోయ్ అంటారు. పేరే వేరు, కాయ అదే.

ఇంట్లోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ నీళ్ళు చిన్న గిన్నెతో ఆవిడ చేతుల మీద పోశారు. బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసే కొడుకు రాత్రంతా బస్సులో వచ్చాడు, ముఖం కూడా సరిగ్గా కడుక్కోలేదు. ఏడాదిలో తెలిసీ తెలియక చేసిన తప్పులుంటే క్షమించమని అడిగారు. ఆవిడ తడిచేత్తో తన తల నిమురుకుని, ఆ తర్వాత వాళ్ళకి దీవెనలు చదివింది. దీన్ని "రోద్ నామ్ దమ్ హువా" అంటారు. దమ్ హువా అంటే అక్కడి మాటలో తలస్నానం చేయించడం. ఇప్పుడు నీళ్ళు చేతుల మీదే పోస్తున్నా, పేరు మాత్రం తలంటు పేరే మిగిలింది. ఉగాది నాడు పొద్దున్నే పెద్దవాళ్ళ చేత తల అంటించుకుని పెరిగినవాళ్ళం మనం. ఈ పండగ మనకి ఒకరు అర్థం చేయించాలా?

పేరు చూడండి. సోంగ్‌క్రాన్ అంటే సంక్రాంతే. మనం మకర సంక్రాంతి చేసుకుంటాం, వాళ్ళది మేష సంక్రాంతి. సూర్యుడు మేషంలోకి వచ్చే రోజు. తమిళులకీ, మలయాళీలకీ, పంజాబీలకీ కూడా ఆ రోజుల్లోనే పండగ. ఇప్పుడు థాయ్‌లాండ్‌లో ఏప్రిల్ 13, 14, 15 అని తేదీలు ఖాయం చేశారు. ప్రభుత్వ లెక్కలో 1941 నుంచి జనవరి 1నే కొత్త సంవత్సరం అయినా, జనం ఊళ్ళకి పోయేది ఏప్రిల్‌లోనే. 13వ తేదీని పెద్దల దినంగా, 14ని కుటుంబ దినంగా జరుపుకుంటారు. 2023 డిసెంబర్‌లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ పండగకి ఒక కథ ఉంది. వింటే భట్టి విక్రమార్క కథలు గుర్తొస్తాయి. కపిల బ్రహ్మ అనే దేవుడు ధర్మపాలుడనే కుర్రాడిని ఒక పొడుపు ప్రశ్న అడిగాడట. మనిషి కళ పొద్దున ఎక్కడుంటుంది, మధ్యాహ్నం ఎక్కడుంటుంది, సాయంత్రం ఎక్కడుంటుంది? ఏడు రోజుల్లో చెప్పలేకపోతే తల తీసేస్తా, చెబితే నా తల ఇచ్చేస్తా అన్నాడు. కుర్రాడు తాటిచెట్టు కింద దిగులుగా పడుకుంటే, పైన గద్దల జంట మాట్లాడుకుంటోంది. పొద్దున ముఖంలో ఉంటుంది కాబట్టి ముఖం కడుక్కుంటారు, మధ్యాహ్నం గుండెల మీద ఉంటుంది కాబట్టి గంధం పూసుకుంటారు, సాయంత్రం పాదాల్లో ఉంటుంది కాబట్టి కాళ్ళు కడుక్కుంటారు. కుర్రాడు గెలిచాడు. కపిల బ్రహ్మ తల నేల మీద పడితే లోకం కాలిపోతుంది, సముద్రంలో పడితే సముద్రం ఎండిపోతుంది, గాలిలోకి ఎగిరితే వానలు ఉండవు. అందుకని ఆయన ఏడుగురు కూతుళ్ళలో ఏడాదికొకరు ఆ తలని పట్టుకుని మేరువు చుట్టూ ఊరేగిస్తారట. మండువేసవిలో, నీటి కోసం ఎదురుచూసే రైతుల దేశంలో పుట్టిన కథ ఇది.

ఇంత ఉన్న పండగని ఒక నురగ పోస్టర్‌కి కుదించి అమ్ముతుంటే నాకు కడుపు మండుతుంది. పైగా ఆ పోస్టర్ వాళ్ళు అసలు సంగతి కూడా చెప్పరు. పట్టాయాలో పెద్ద నీళ్ళాట 13న కాదు, "వన్ లై" పేరుతో 18, 19 తేదీల్లో. మూడు రాత్రుల ప్యాకేజీలో 13న దిగి 16న తిరిగొచ్చేవాళ్ళు దాన్ని చూడనే చూడరు.

నీళ్ళాట వద్దని నేను అనడం లేదు. ప్రాణం లేచొస్తుంది ఆ ఆటకి! ఏప్రిల్‌లో అక్కడ ఎండ నలభై డిగ్రీలకి చేరుతుంది. చియాంగ్ మాయిలో పాత ఊరి చుట్టూ చదరంగా కందకం ఉంది. థా ఫే గేటు దగ్గర నిలబడితే కందకంలో నీళ్ళు తోడేవాళ్ళు, పికప్ బండ్ల వెనక డ్రమ్ములు పెట్టుకుని ఐసుగడ్డలు వేసి చల్లేవాళ్ళు, బుజ్జి గిన్నెతో మోకాలి మీద పోసి దణ్ణం పెట్టే పిల్లలు. మన పెళ్ళిళ్ళలో వసంతాలు ఆడటం చూసినవాళ్ళకి ఆ సంబరం చెప్పక్కర్లేదు. బ్యాంకాక్‌లో అయితే సీలోమ్ రోడ్డు, ఖావ్ సాన్ రోడ్డు నిండిపోతాయి. ఆడండి, తడవండి. కానీ ఎవరి మీద పోస్తున్నారో ఒక్క క్షణం చూసి పోయండి. భిక్షువుల మీద, పసిపిల్లల మీద, ముసలివాళ్ళ మీద, బండి నడుపుతున్నవాళ్ళ మీద పోయకూడదు. చీకటి పడ్డాక ఇంటికెళ్ళేవాళ్ళని వదిలేయండి.

బండి సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నేను కళ్ళారా చూశాను. మూడో ఏడు, మా సందు మొదట్లో ఐదుగురు కుర్రాళ్ళు. తెలుగే మాట్లాడుకుంటున్నారు. వినగానే సంతోషంగా వాళ్ళ వైపు నడిచాను. అంతలో ఒకడు స్కూటర్ మీద వస్తున్న ఒకావిడ ముఖానికి బకెట్ నీళ్ళు విసిరికొట్టాడు. స్కూటర్ మీద ఆవిడ ముందు పాప నిలబడి ఉంది. బండి జారింది. ఆవిడ మోకాలు చెక్కుకుపోయింది. లేచి తన గాయం చూసుకోలేదు, పాప తల తడిమి చూసింది. పాపకి ఏమీ కాలేదు. కుర్రాళ్ళు "సారీ సారీ" అంటూనే నవ్వుతున్నారు. నేను తెలుగులో అరిచాను. నవ్వు ఆగింది. ఆవిడ మాత్రం ఒక్క మాట అనలేదు, చెప్పు వెతుక్కుని బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మౌనం తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఈ రోజుల్ని అక్కడి పత్రికలు "ఏడు ప్రమాదకర దినాలు" అంటాయి. ఆ వారంలో దేశం మొత్తమ్మీద రెండు వందల మందికి పైగా రోడ్ల మీద చనిపోతున్నారు. ఎక్కువమంది మోటార్ సైకిళ్ళ మీద వెళ్ళినవాళ్ళే. తాగడం, వేగం, తడిసిన రోడ్డు. కాబట్టి ఆ మూడు రోజులు బండి అద్దెకి తీసుకోవద్దు. సరైన లైసెన్సు లేకుండా నడిపి పడితే బీమా కూడా రాదు. నడవండి, లేదా చియాంగ్ మాయిలో మన షేర్ ఆటోల్లా తిరిగే ఎర్ర పికప్ బండ్లు ఎక్కండి.

ఆడపిల్లలకి ఒక మాట. తెల్లబట్టలు, పల్చటి బట్టలు వద్దు. చెంపలకి తెల్ల సుద్ద పూయడం అక్కడ పాత ఆచారమే, కానీ ఆ వంకతో ఎవడైనా ఒంటి మీద చేయి వేస్తే పండగ కదా అని సర్దుకోవద్దు. గట్టిగా అరవండి. వేధింపుల మీద అక్కడివాళ్ళే ఏటా ప్రచారం చేస్తున్నారు, పక్కనున్నవాళ్ళు మీ వైపే నిలబడతారు. మన మగపిల్లలకీ ఇదే మాట, వేరే మాట లేదు.

మిగతావి చిన్న విషయాలు. ఊళ్ళకెళ్ళే జనంతో రైళ్ళు, బస్సులు నిండిపోతాయి, టికెట్లు ముందే తీసుకుని 11వ తేదీకల్లా ఊరు చేరండి. చిన్న హోటళ్ళు చాలావరకు మూసేస్తారు, శాకాహారులు బిస్కెట్లో అటుకులో దగ్గర పెట్టుకోండి. పాస్‌పోర్టు గదిలోనే ఉంచండి, ఫోన్ మెడలో వేలాడే ప్లాస్టిక్ సంచిలో. కందకం నీళ్ళు కంట్లో, నోట్లో పడనీయకండి, నాకు మొదటి ఏడు వారం రోజులు కళ్ళు ఎర్రబడ్డాయి. ఉత్తరాన అడవులు, పొలాలు తగలబెట్టే కాలం అది, పొగ ఉంటుంది. ఆయాసం ఉన్నవాళ్ళు చియాంగ్ మాయి బదులు దక్షిణాదికి వెళ్ళండి.

మా తమ్ముడికి ఆఖరున చెప్పింది ఇది. 13న మధ్యాహ్నం థా ఫే రోడ్డు మీద ఫ్రా సింగ్ బుద్ధ విగ్రహం ఊరేగింపు వస్తుంది. తుపాకీ కింద పెట్టి, జనంతో పాటు సుగంధపు నీళ్ళు పోయి. 14న నదిలోంచి ఇసుక తెచ్చి గుడి ఆవరణలో గోపురాలు కడతారు. ఏడాదంతా వచ్చిపోయేవాళ్ళ కాళ్ళకి అంటుకుపోయిన గుడి మట్టిని తిరిగి ఇవ్వడమట అది. నువ్వూ ఒక బకెట్ మొయ్యి, ఎవరూ వద్దనరు.

వాడు పట్టాయా టికెట్ మార్చుకున్నాడు. మే ఉయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. 13 పొద్దున ఏడింటికి రమ్మంది, గిన్నె సిద్ధంగా ఉంటుందట.