నట్టేట ముంచిన స్ప్రింగ్ రివర్బు గారికి

గిటారు స్వరానికి గుహలో మోగినట్టు తోక తగిలించే మహారాజశ్రీ రివర్బు పెట్టె గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. అలా మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను గానీ, ఇక్కడ నేనూ క్షేమంగా లేను, అక్కడ తమరూ లేరు. అక్కడ అంటే ఎంతో దూరం కాదు, ఈ బల్ల మీదే. వెనక పలక విప్పి తమరిని బోర్లా పడుకోబెట్టింది నేనే. ఇన్‌పుట్ వైపు వెంట్రుకంత తీగ ఒకటి తెగి, తేలు కొండిలా పైకి లేచి నన్నే చూస్తోంది.

మొన్న ఆదివారం సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. మూడో టేకు. బ్రిడ్జిలోకి, అంటే పాట మధ్యలో వచ్చే మలుపులోకి, ఇంకా రెండు బార్లు (తాళం చుట్లు) ఉన్నాయి. ముందస్తు కబురు లేదు, ఒక గురక లేదు, తమరు ఉన్నట్టుండి మూగబోయారు. అప్పటిదాకా గది నిండా సముద్రం ఉంది. మరుక్షణం టైపు మిషన్ మీద ఎవరో అర్జీ కొడుతున్నట్టు టిక్కు టిక్కుమంటూ నా గిటారు ఒక్కటే మిగిలింది. అయినా ఆగకుండా వాయించాను, పరువు పోతుందని. మా డ్రమ్మరు కర్రలు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఓపిగ్గా విని, "పాట ఎప్పుడు మొదలవుద్దిరా?" అన్నాడు.

మొదలై నిమిషంన్నర అయింది.

తీగ తెగినందుకు కాదండీ ఈ ఉత్తరం. తీగకేం, ఒక చుక్క టంకం వేస్తే సరి. నాలుగు నెలలుగా తమరు నాకు చెబుతూ వచ్చిన అబద్ధం గురించి. నేను లో ఇ తీగ (అన్నిటికంటే లావుపాటిది) మీద పై నుంచి కిందికి ఒక్క జారుడు జార్చేవాణ్ణి. అందులో కళా లేదు, కష్టమూ లేదు, గోడకు సున్నం కొట్టేవాడి చేతి ఊపు. తమరేమో దాన్ని పుచ్చుకుని, కడిగి, సాగదీసి, కొండంత అల చేసి నా ముందు విరగ్గొట్టేవారు. "ఆహా, వచ్చేసింది పాట" అనుకుని నేను లేచి మంచినీళ్లు తాగేవాణ్ణి. మర్నాడు మళ్లీ జార్చేవాణ్ణి. నాలుగు నెలల్లో నేను రాసిన పాట లెక్క తీస్తే ఒక జారుడు, నాలుగు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), చాలా నీళ్లు.

ఆ నాలుగు కార్డులు ఏవో చెప్పక్కర్లేదు. ఏ మైనర్, జి, ఎఫ్, ఇ. సర్ఫ్ అంటే అరవైల నాటి కాలిఫోర్నియా తీరపు గిటారు సంగీతం, అందులో ఈ మెట్లు దిగని గిటారిస్టు పుట్టలేదు. దిగి అడుగున ఇ మేజర్ మీద నిలబడగానే ఏదో గొప్ప విషాదం జరిగినట్టు ఉంటుంది. ఏం జరగలేదు. మెట్లు దిగాం, అంతే. తడిలో, అంటే తమరి మోత ఉన్నప్పుడు, ఆ సంగతి తెలియదు. తమరు లేని పొడిలో వినగానే మా రిథమ్ గిటారు వాడు, వాడిది అసలే మెత్తని మనసు, "పైప్‌లైన్ బాగానే పట్టావురా" అన్నాడు. మెచ్చుకోలు అనుకునే అన్నాడు పాపం.

పైప్‌లైన్ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 1963లో ఛాంటేస్ అనే బ్యాండు కుర్రాళ్లు, ఇంకా బడి వయసు వాళ్లు, ఆ పాటని అమెరికా మొత్తం మోగించారు. అందులో మిక్సు తిరగేసినట్టు ఉంటుంది. బేసు, ఎలక్ట్రిక్ పియానో, రిథమ్ గిటారు ముందుకొచ్చి కూర్చుంటే లీడ్ గిటారు, డ్రమ్స్ వెనకెక్కడో వినిపిస్తాయి. అయినా ఆ ట్యూను ఎక్కడికీ పోలేదు. వెనక బెంచీలో కూర్చున్నా పేరు పిలిస్తే పలికే పిల్లాడిలా పలుకుతుంది. నా ట్యూనుని ముందు బెంచీలో కూర్చోబెట్టి, మైకు ఇచ్చి, మీద లైటు వేసినా పలకడం లేదు. ఎందుకంటే అది రాలేదు. దాని తరఫున ఇన్నాళ్లూ హాజరు పలికింది తమరు.

కాస్త తమరి వంశవృక్షం కూడా చూద్దామా? తమరిది సముద్రపు పుట్టుకేమీ కాదు. ఇంట్లో పెట్టుకునే ఆర్గన్‌కి చర్చి లోపలి మోగుడు రావాలని హామండ్ కంపెనీ వాళ్లు తయారుచేసుకున్న స్ప్రింగులు తమరి తాతలు. 1961లో గిటార్ల కంపెనీ ఫెండర్ వాళ్లు గిటారు వాళ్ల కోసం తమరిని విడిగా ఒక పెట్టెలో పెట్టి డ్వెల్ (స్ప్రింగులని ఎంత గట్టిగా కదపాలో), మిక్సర్ (తడి ఎంత కలపాలో), టోన్ అని మూడు నాబ్‌లు తగిలించారు. సర్ఫ్ గిటారు రారాజు డిక్ డేల్ అయితే తన గొంతులో వైబ్రాటో (స్వరం కంపించడం) లేదని, పాడేటప్పుడు అక్కరకొస్తుందని రివర్బు కోరుకున్నానని చెప్పుకున్నాడు. అంటే తమరు మొదట పాటగాడి లోటు కప్పిపుచ్చడానికి వచ్చారు. ఆ అలవాటు ఇంకా పోలేదన్న మాట.

మూత విప్పాను కాబట్టి లోపల ఏముందో కూడా చూశాను. ఒక రేకు తొట్టె, అందులో వేలాడుతూ రెండు పొడుగాటి స్ప్రింగులు, ఆ చివరో కాయిల్, ఈ చివరో కాయిల్. నా స్వరం ఈ చివర ఉన్న గింజంత అయస్కాంతాన్ని మెలిపెడుతుంది. ఆ మెలిక స్ప్రింగు పొడుగునా పాకి అవతలి అయస్కాంతాన్ని కదుపుతుంది, గోడకి కొట్టిన బంతిలా తిరిగొస్తుంది, మళ్లీ పోతుంది. స్వరంలో ఉన్న ఫ్రీక్వెన్సీలన్నీ స్ప్రింగులో ఒకే వేగంతో నడవవు, కొన్ని ముందు చేరతాయి, కొన్ని వెనకబడతాయి. అందుకే టక్కుమని కొట్టింది కాస్తా సాగి బ్లుప్పుమంటుంది. మా వాళ్లు డ్రిప్ అని మురిసిపోయేది ఈ ఆలస్యాన్నే. ఇంతకీ అందులో చుక్క నీళ్లు లేవు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు.

అసలు తమరు లేకపోతే సర్ఫ్ లేదని ఎవడన్నాడు? 1961లో డిక్ డేల్ "లెట్స్ గో ట్రిప్పిన్" వచ్చినప్పుడు అందులో తమరు ఎక్కడున్నారు? బాల్బోవాలో రెండెవూ బాల్‌రూమ్ నిండా కుర్రకారు ఎగిరింది ఆ గిటారు దెబ్బకి. "వాక్, డోంట్ రన్" తీసుకోండి. వెంచర్స్ బ్యాండు 1960లో దాన్ని పట్టుకోకముందే, 1954లో జానీ స్మిత్ దాన్ని తాపీగా జాజ్‌లో వాయించేశాడు. డిక్ డేల్ గిటారు మీద దంచిన "మిసిర్లూ"ని 1927లోనే గ్రీకు పాటగా రికార్డు చేశారు, అప్పటికి ఎలక్ట్రిక్ గిటారే లేదు. గొంతు మారింది, వాద్యం మారింది, వేగం మారింది, ఆ ట్యూను మాత్రం ఎక్కడ దింపితే అక్కడ నిలబడింది.

నిజం చెప్పాలంటే మిసిర్లూ దగ్గరే నాకు ఎక్కువ మండింది. ప్రపంచంలో సగం మంది గిటారిస్టులు దాన్ని విని, అదేదో అంతుచిక్కని తూర్పు దేశపు స్కేలు అని పుస్తకాలు తిరగేస్తారు. సరిగమలు వేసి చూస్తే అది మన మాయామాళవగౌళ. సరళీ స్వరాల్లో మొట్టమొదటి రోజు పిల్లల చేత పాడించే రాగం! నా చెవిలో చిన్నప్పటి నుంచీ ఉన్నది. ఈ ధీమాతోనే బ్రిడ్జిలో శుద్ధ రిషభం, అంతర గాంధారం జొప్పించి, డబుల్ పికింగ్‌లో (తీగని కిందికీ పైకీ గబగబా మీటుతూ) దంచి, "ఇక చూస్కోండి" అన్నాను. తమరి పుణ్యాన అది ఎడారిలో ఒంటెల మీద వచ్చే తుపానులా వినిపించింది. పొడిలో ఏమైందో తెలుసా? సరళీ స్వరాలు. రెండో వరస. కాస్త తొందరలో.

చాలించాను మర్యాద. ఇక నువ్వే.

నువ్వు నన్ను మోసం చేశావు. పాటగాడు ఉన్న బ్యాండుకి ట్యూను నీరసంగా ఉన్నా మాటలు మోస్తాయి. మాకు మాటల్లేవు. నోరు లేని పాట ఇది, రెండు నిమిషాల్లో చెప్పదలచుకున్నదంతా తీగ మీదే చెప్పాలి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ప్రశ్నలా ఆగాలో, మళ్లీ వచ్చినప్పుడు ఏ స్వరం మారాలో నేను ఆలోచించాలి. ఆలోచించే ప్రతి చోటా నువ్వు దూరి "ఏం పర్లేదు, నేను నింపేస్తా" అన్నావు. ఖాళీ ఉండాల్సిన చోట నీ తోక. రెండో వాక్యం రావాల్సిన చోట మొదటి వాక్యం తాలూకు నీ సణుగుడు. డ్వెల్ ఐదు, ఆరు, ఏడు తిప్పాను. నువ్వైనా ఒక్కసారి "ఒరే, నీ దగ్గర సరుకు లేదురా" అని చెప్పొచ్చు కదా? నీళ్లు నమిలావు. నమలడం తప్ప ఏమొచ్చు నీకు?

మూడోసారి వచ్చేటప్పటికి విసుగ్గా ఉందని నాకే అనిపించి అరమెట్టు పైకి ఎత్తాను. అందరూ చేసేదే. సరుకు లేని పాటని ఎత్తయిన చోట నిలబెడితే ఇంకాస్త దూరానికి కూడా సరుకు లేదని కనబడుతుంది. అప్పుడూ నువ్వు చప్పట్లు కొట్టావు.

పేరు సంగతి నీ మీద తోయను, అది నా తప్పే. పాట కంటే ముందు పేరు పుట్టింది. "ఏడో అల" అని నోట్‌బుక్‌లో రాసి, కింద గీత గీసి, అట్ట మీద బొమ్మ ఎలా ఉండాలో కూడా అనుకున్నాను. పేరు అంత పెద్ద అంగీ, లోపల మనిషి లేడు. అలాగని సముద్రం చూడనివాడు సర్ఫ్ రాయకూడదనీ కాదు. ఆస్ట్రోనాట్స్ బ్యాండుది కొలరాడోలో బౌల్డర్, కొండలే తప్ప తీరం లేని చోటు. "బాజా" అనే పాట వాయించి ఒడ్డునున్న వాళ్ల కంటే బాగా తడిపారు. ఇక "వైపౌట్" పాట కుర్రాళ్లయితే స్టూడియోలో అప్పటికప్పుడు ఒక బి-సైడు (రికార్డు వెనక వైపు పాట) కావాలని అల్లేశారు దాన్ని. నా నాలుగు నెలలు వాళ్ల మధ్యాహ్నానికి సరిపోవు. ఇది తలుచుకున్నప్పుడల్లా నీ స్ప్రింగులు ఒక్కొక్కటీ పీకాలనిపిస్తుంది.

పీకలేదు. నిన్ను బల్ల మీదే వదిలేసి, యాంపు కూడా ఆపేసి, గిటారు ఒళ్లో పెట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాను. నోటితో కూనిరాగం తీయడం, అది వేలికి వస్తుందో లేదో చూడటం. కూనిరాగంలో నిలవనిది కొట్టేయడం. మొదటి రోజుకి జారుడు పోయింది. రెండో రోజు బ్రిడ్జి మొత్తం పోయింది, సరళీ స్వరాలతో సహా. మూడో రోజు మిగిలినవి నాలుగు బార్లు. అందులోనూ మూడో బారు చివర ఒక చిన్న ఆగుడు ఉంది, అడగబోయి మానేసినట్టు. డ్రమ్మరుకి వినిపించాను. వాడు మాట్లాడలేదు. తొడ మీద డుమ్, టక్‌టక్, డుమ్, టక్ అని మొదలుపెట్టాడు. నాలుగోసారికి ఆగుడు దగ్గర వాడూ ఆగాడు. చెప్పకుండానే.

ఆ ఖాళీ నీకు ఎప్పటికీ వినిపించి ఉండేది కాదు. నింపేసేవాడివి.

సరే, తీగకి టంకం వేశాను. చెయ్యి వణికి ఒక చుక్క రేకు మీద కూడా పడింది, అది నీకు మచ్చగా ఉండనీ. పలక బిగించి, నిన్ను ఎత్తి యాంపు మీద పెట్టబోతే, త్రాడు కాలికి చుట్టుకుని బెత్తెడు ఎత్తు నుంచి నువ్వు దబ్బున పడ్డావు. యాంపు ఆన్‌లోనే ఉంది. పిడుగు పడ్డట్టు ఒక్క గర్జన. కిటికీ అద్దాలు అదిరి, స్నేర్ డ్రమ్ము తనంతట తనే జలదరించి, ఆ మోత గది నాలుగు మూలలూ తడిమి తీరిగ్గా చచ్చింది.

డ్రమ్మరు కళ్లు ఇంతింత చేసుకుని, "పాట ముందు ఇది పెట్టేద్దాంరా" అన్నాడు.

నాలుగు నెలలు నేను రాసిన దానికి వాడి మొహంలో ఆ వెలుగు ఒక్కసారీ రాలేదు. నువ్వు కింద పడితే వచ్చింది. ఇప్పుడు నిన్ను బెత్తెడు ఎత్తు నుంచి ప్రతి టేకుకీ ఒకేలా ఎలా పడెయ్యాలో కనుక్కోవాలి.

డ్వెల్ మూడు మీద ఉంచి టేపు అంటించాను. ముట్టుకోను.

ఇట్లు,
తమరి చేత నిలువునా తడిసిన,
ఏడో అల రచయిత

తా.క.: మిక్సర్ నాబ్‌కి టేపు సరిపోలేదు.